వదినా అన్నందుకు

మా ఇంటికి కొత్త మనిషి ఎవరొచ్చినా అమ్మ ముందు మంచినీళ్ళిస్తుంది, ఆ తరవాత వరస తేలుస్తుంది. మీదే ఊరండీ, మీ అమ్మగారి పుట్టిల్లెక్కడండీ, ఫలానా వాళ్ళు మీకేమవుతారండీ అని నాలుగు ప్రశ్నలు వేసేసరికి వచ్చినావిడ పిన్నో అత్తో వదినో అయి కూర్చుంటుంది. ఏమీ కాకుండా మా గుమ్మం దిగి వెళ్ళిన మనిషిని నేను చూడలేదు. గ్యాసు బండ తెచ్చే అతను కూడా అమ్మకి తమ్ముడే.

అల్లవరం దాటి సముద్రం వైపు వెళితే మా ఊరు. అక్కడ ఏ వరసా లేని మనిషంటే జనానికి బెంగ. ఎలా పలకరించాలో తెలియదు, ఎంత దూరంలో కూర్చోబెట్టాలో తెలియదు. నాకు చిన్నప్పటి నుంచీ ఈ లెక్కలంటే ఒళ్ళుమంట. అయినా నా జీవితంలో పెద్ద పొరపాటు ఈ లెక్కలోనే చేశాను. ఎవరూ బలవంతపెట్టలేదు. నా అంతట నేనే, మహా తెలివైన పని చేస్తున్నాననుకుంటూ చేశాను.

నేను అమలాపురంలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే చిన్న ల్యాబ్‌లో పనిచేస్తాను. రైతులు సీసాల్లో నీళ్ళు, కవర్లలో రొయ్యలు పట్టుకొస్తారు. ఉప్పెంతుందో, అమ్మోనియా ఎంతుందో చూసి కాగితం మీద రాసిస్తాను. వచ్చేవాళ్ళంతా మగవాళ్ళే. వాళ్ళు నన్ను మేడంగారూ అంటారు, నేను వాళ్ళని అండీ అంటాను, అంతటితో సరి. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ ఒకావిడ వచ్చింది. చంకలో కోర్టు కాగితాల కవరు, చేతిలో రెండు సీసాలు.

"ఏవండీ, ఈ సీసాలోవి మా నాన్నగారి చెరువు నీళ్ళండీ. ఈ రెండోది నేను తాగే నీళ్ళు. దీన్ని మటుకు పరీక్ష చెయ్యకండి" అంది.

నవ్వాను. ఆవిడ నవ్వలేదు, నేను నవ్వడం అయ్యేదాకా చూస్తూ నిలబడింది. ఆ చూపులోనే నాకు తెలిసిపోయింది. ఇలాంటివి తెలిసిపోతాయి, ఎలా అని అడిగితే చెప్పలేను.

ఆవిడది మా పక్క ఊరే. పెళ్ళయింది. భర్త మస్కట్‌లో ఉన్నాడు, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆవిడ పుట్టింటికి వచ్చేసి జాకెట్లు కుట్టుకుంటూ, నాన్నగారి చెరువు పనులు చూస్తూ, అమలాపురం కోర్టులో విడాకుల కేసు నడుపుకుంటోంది. వాయిదా ఉన్న రోజు పొద్దున్న కోర్టు, మధ్యాహ్నం మా ల్యాబ్. కొన్నాళ్ళకి వాయిదా లేని రోజుల్లో కూడా ఆ చెరువు నీళ్ళకి ఏదో ఒక అనుమానం రావడం మొదలైంది. అంత శ్రద్ధగా పరీక్షలు చేయించుకున్న చెరువు మా మండలంలో ఇంకోటి ఉండదు.

నా సంగతి నాకు ఇంటర్‌లో ఉండగానే తెలుసు. తెలియనిది దాని పేరే. చిన్నప్పుడు సైకిలు తొక్కుతానని, కాలవలో ఈతకి దిగుతానని నన్ను మగరాయుడు అనేవారు. ఆ మాట నాకెప్పుడూ అతకలేదు. నాకు జరీ చీరలంటే ఇష్టం, జడలో కనకాంబరాలంటే ఇష్టం, గోళ్ళ రంగంటే పిచ్చి. మగవాడిలా ఉండాలని ఒక్కరోజూ అనిపించలేదు. పేపర్లో రాసే మాట ఇంకోటుంది, స్వలింగ సంపర్కులని. అది చదివితే ఎవరినో జీపెక్కించి స్టేషనుకి తీసుకెళ్ళినట్టుంటుంది. మేనత్త కొడుకు బావమరిది పెళ్ళానికి కూడా ఒక పిలుపు ఉన్న భాష మనది. అంత భాషలో నాకు మిగిల్చింది ఆ ఒక్క మాటా అని కోపం వస్తుంది నాకు. ఇప్పటికీ వస్తుంది.

చివరికి ఇంగ్లీషు మాట ఫోన్‌లో దొరికింది. లెస్బియన్. మొదట్లో దాన్ని మనసులో అనుకోవడానికి కూడా సిగ్గేసేది. తరవాత పైకి అనడం అలవాటు చేసుకున్నాను. మా ఊరి నుంచి అమలాపురం వెళ్ళే దారిలో, స్కూటీ మీద, హెల్మెట్ అద్దం దించుకుని అనేదాన్ని. కొబ్బరికాయల లారీ పక్కనుంచి వెళుతుంటే ఆ చప్పుడులో ఇంకొంచెం గట్టిగా అనేదాన్ని. అన్నప్పుడల్లా ఒళ్ళు తేలికయ్యేది. మాట పరాయిదే కానీ దాని మీద మా ఊరివాళ్ళ ఉమ్మి పడలేదు. అందుకే నచ్చింది.

ఆవిడకి నచ్చలేదు. ఒకసారి ల్యాబ్ వెనక గదిలో, మేమిద్దరమే ఉన్నప్పుడు, "మనల్ని అలా అంటారట" అని చెప్పాను. ఆవిడ ఆ మాటని నాలుక మీద పెట్టుకుని చూసి మొహం చిట్లించింది.

"ఏదో మందు పేరులా ఉంది. మనకెందుకే ఇవన్నీ? నువ్వున్నావు, నేనున్నాను. పేరు పెట్టడానికి ఇదేమన్నా బారసాలా?"

మా ఇద్దరికీ తేడా అక్కడే ఉంది. నాకు పేరు కావాలి. పేరు లేకపోతే నేనెక్కడో సగం ఉన్నట్టుంటుంది. ఆవిడకి చోటు కావాలి. నలుగురి మధ్యా తడుముకోకుండా కూర్చునే చోటుంటే చాలు, దాన్ని ఏమన్నా పట్టించుకోదు. ఆ చోటు ఆవిడకి మా అమ్మే ఇచ్చింది.

ఆవిడ మా ఇంటికి మొదటిసారి వచ్చింది ఒక ఆదివారం పొద్దున. నా జాకెట్ల కొలతలు తీసుకోవడానికని చెప్పాము. అమ్మ మంచినీళ్ళిచ్చి ప్రశ్నలు మొదలుపెట్టింది. నేను వంటింటి గడపలో నిలబడి వింటున్నాను. కాసేపటికి అమ్మ మొహం వెలిగింది.

"మీ అమ్మగారు మా ఆయనకి చెల్లెలి వరసవుతారమ్మా. అంటే నువ్వు మా అమ్మాయికి వదినవి. మళ్ళీ మా పుట్టింటి వైపు నుంచి చూస్తే మీ అమ్మగారు నాకు అక్క వరస. అలాగైతే దీనికి అక్కవే అవుతావు. దూరపు చుట్టరికం కదా, ఎటు కావాలంటే అటు పిలుచుకోండి."

అమ్మ మాట పూర్తి కాకముందే నేను, "వదినా అనే పిలుస్తానమ్మా" అన్నాను.

ఆ క్షణంలో నాకున్న లెక్క ఒకటే. అక్క అన్నామంటే అయిపోయింది. ఒక కడుపున పుట్టినట్టే. మా వైపు పెరిగిన వాళ్ళకి ఆ పిలుపు వింటేనే మనసు సర్దుకుని కూర్చుంటుంది, ఇంకో ఆలోచన రానివ్వదు. వదినైతే వేరు. వదినతో వేళాకోళం ఆడొచ్చు. చెయ్యి పట్టుకుని లాగొచ్చు, నడుం గిల్లొచ్చు, ఇద్దరూ ఒక చాప మీద పడుకుని గుసగుసలాడుకుంటే ఇంట్లోవాళ్ళు మురిసిపోతారు. వదినామరదళ్ళ సరసం అంటే తప్పు పట్టే మనిషి గోదావరి జిల్లాల్లో ఉండడు. మాకు కావలసినవన్నీ ఆ ఒక్క పిలుపులో ఉన్నాయి. ఆవిడ నా వైపు చూసి, "ఆయ్, అలాగే కానివ్వండి అత్తయ్యగారూ" అంది అమ్మతో. మా అమ్మ ఆ పూట ఆవిడకి భోజనం పెట్టి గానీ పంపలేదు.

తరవాత రెండేళ్ళు మేము బతికిన బతుకు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆవిడ జడ నేను వేసేదాన్ని, నా జడ ఆవిడ వేసేది, గంట పట్టేది. ఎండాకాలం మధ్యాహ్నాలు మా వెనక గదిలో ఫ్యాను కింద పడుకునేవాళ్ళం. తలుపు వేసుకుంటే, "వదినామరదళ్ళకి ఎన్ని కబుర్లో" అని అమ్మ బయట నుంచి అనేది. నాన్నయితే, మా ఊరికి జాతర వస్తే ఇద్దరికీ ఒకే రకం గాజులు కొనేవాడు. దాక్కోవలసిన అవసరమే రాలేదు. అందరి ఎదురుగా ఉన్నాము, ఎవరికీ కనపడలేదు.

ఒకరోజు అమ్మా, ఆవిడా, నేనూ హాల్లో కూర్చుని రొయ్యలు వలుస్తున్నాము. టీవీలో ఇద్దరు ఆడవాళ్ళు పెళ్ళి చేసుకోవచ్చా లేదా అని కోర్టులో నడుస్తున్న వాదనల గురించి చెబుతున్నారు. నా వేళ్ళు ఆగిపోయాయి. అమ్మ కాసేపు విని, అసహ్యం లేదు కోపం లేదు, నిజంగా అర్థంకాక అడిగింది.

"పెళ్ళి చేసుకుంటే చేసుకున్నారు. ఏమని పిలుచుకుంటారమ్మా? ఒకళ్ళింటికి ఒకళ్ళు ఏమవుతారు? అత్తగారెవరు, కోడలెవరు?"

ఆవిడ పడీపడీ నవ్వింది. "అదేనండి అత్తయ్యగారూ, వరస తేలదు" అంది. అంటూనే రొయ్యల గిన్నె చాటున తన కాలి వేళ్ళు నా పాదం మీద పెట్టింది. నేను నవ్వలేకపోయాను. అమ్మ అడిగిన ప్రశ్న నన్ను వారం రోజులు తినేసింది.

ఆ ఏడాదే ఆవిడ తమ్ముడు కువైట్ నుంచి సెలవు మీద వచ్చాడు. అక్కడ ఒకరింట్లో కారు డ్రైవరు. ఆవిడకి తమ్ముడు, నాకంటే పెద్ద. నెమ్మదస్తుడు. మా ఇంటికి ఖర్జూరాల పెట్టె తెచ్చిచ్చి, కుర్చీ అంచు మీద కూర్చుని, ఫ్యాను వంక చూస్తూ టీ తాగి వెళ్ళిపోయాడు. అతను గేటు దాటగానే అమ్మ నా భుజం మీద చెయ్యేసింది.

"ఎంత పద్ధతైన పిల్లాడే. వరస కూడా కుదిరే ఉంది" అంది.

నాకు ముందు తలకెక్కలేదు. తరవాత లెక్క వేసుకున్నాను. వదిన తమ్ముడు ఏమవుతాడు? బావ అవుతాడు. బావంటే చేసుకోవలసినవాడు. ఇంత చిన్న సంగతి మా ఊళ్ళో పలకా బలపం పట్టని పిల్లకి కూడా తెలుసు. వరసంటే చీర కుచ్చిళ్ళు, ఒక మడత లాగితే అన్నీ కదులుతాయి. మేమిద్దరం మా మధ్య ఉన్న ఒక్క మడతే చూసుకుని సంబరపడ్డాము. ఆ మాటతో రెండిళ్ళూ వియ్యానికి సిద్ధంగా వచ్చి నిలబడ్డాయని మాకు తట్టలేదు. రెండేళ్ళుగా ఇంట్లో పెద్దవాళ్ళు మా సరసం చూసి మురిసిపోయింది ఊరికే కాదు. అమ్మాయి ఆ ఇంటికి ఇప్పటి నుంచే అలవాటు పడుతోందని.

నాకు పెళ్ళి వద్దని చాలా ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాను. ఉద్యోగం అన్నాను, నాన్న ఆరోగ్యం అన్నాను, కుర్రాడి ఊరు దూరం అన్నాను. ఈసారి అవేవీ పనికిరాలేదు. ఉద్యోగం మానక్కర్లేదట. ఊరు పక్కనే. అతను సెలవుకి వచ్చినప్పుడే కాపురం, మిగతా రోజులు నువ్వెక్కడుంటే అక్కడే. పైగా ఆ ఇంట్లో మీ వదిన ఉంది, ఇంకేం కావాలి? నాన్న నిదానంగా అడిగాడు.

"నీకిష్టం లేదంటే చెయ్యనమ్మా. కానీ ఎందుకో ఒక్క మాట చెప్పు. అతనిలో లోపమేమన్నా ఉందా?"

లోపం లేదు. అతను తాగుబోతో, పొగరుబోతో అయితే నాకు అడ్డుపెట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. నాన్న అంత మెత్తగా అడగడం ఇంకా ఉరి బిగించినట్టనిపించింది.

నిజం చెప్పొచ్చు కదా అని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను, రోజూ అనుకున్నాను. చెబితే నా ఉద్యోగం ఆ రోజుతో సరి, అది సరే. ఆవిడ కేసింకా కోర్టులో ఉంది. అవతలి లాయరు అప్పటికే ఆవిడ నడవడిక బాగాలేదని రాసి ఉన్నాడు, ఏ ఆధారమూ లేకుండా. ఆ చేతికి నేను ఆధారం అందించాలా? ఆవిడ నాన్నగారు తలెత్తుకుని చెరువు గట్టు మీదికి వెళ్ళగలరా? నేను హెల్మెట్‌లో అనుకునే మాట ఒకటి నోరు దాటితే రెండిళ్ళు కూలతాయి. అంత బరువైన మాటని ఇన్నాళ్ళూ అంత ఇష్టంగా మోశానని అప్పుడే తెలిసింది.

ఆవిడతో మాట్లాడదామని వాళ్ళ చెరువు దగ్గరికి వెళ్ళాను. మబ్బు పట్టింది కాబట్టి రొయ్యలకి గాలి ఆడాలని పగలే ఏరియేటర్లు తిప్పుతున్నారు. ఆ చక్రాలు నీళ్ళు కొట్టే చప్పుడులో మేము గట్టు మీద ఎంత అరుచుకున్నా పక్క చెరువుకి వినపడదు. ఆవిడ నాతో పాటు ఏడుస్తుందని, దీన్ని ఎలాగైనా ఆపుతుందని వెళ్ళాను. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి.

"దేవుడే ఇచ్చేడే ఇది. ఒకే ఇంట్లో ఉంటాం. ఒకే పొయ్యి మీద వండుకుంటాం. పెళ్ళయ్యేక కూడా నేను నీకు వదిన్నే అవుతాను, పిలుపు కూడా మారదు. వాడు ఏడాదికో రెండేళ్ళకో వస్తాడు, నెల ఉంటాడు, పోతాడు."

"ఆ నెల?"

ఆవిడ చెరువు వైపు తిరిగింది.

"ఆ నెల మీ తమ్ముడి పక్కలో నేను పడుకోవాలి. నువ్వు పక్క గదిలో పడుకోవాలి. చెప్పు వదినా."

"నేను ఎన్నేళ్ళు ఓర్చుకున్నాను? నాకేమన్నా ఇష్టమై చేసేనా కాపురం? ఆడవాళ్ళందరూ ఓర్చుకుంటున్నారు. నీకేమన్నా కొమ్ములున్నాయా?"

"నేను లెస్బియన్ని" అన్నాను. హెల్మెట్ లేకుండా, ఆకాశం కింద, మొదటిసారి. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది.

"ఆ మాటతో ఏం చేసుకుంటావు? అన్నం పెడుతుందా అది? నాకు ఇల్లు చూపిస్తుందా? నువ్వు నా ఎదురుగా తిరుగుతుంటే చాలు నాకు. వదినా అని పిలిస్తే చాలు. దానికోసం నేనేదైనా పడతాను."

"నాకు చాల్దు" అన్నాను.

ఆవిడ మొహం నేను కొట్టినట్టయిపోయింది. ఆవిడది స్వార్థమని ఆ రోజు తిట్టుకున్నాను. ఇప్పుడలా అనుకోను. ఆవిడకి జీవితంలో ఎవరూ ఏదీ పూర్తిగా ఇవ్వలేదు, అందుకే సగం కనపడితే పండగ చేసుకుంది. నేను మాత్రం ఆ సగానికి నా ఒళ్ళు ఇవ్వలేకపోయాను. ఇది ఎవరితోనూ వాదించి గెలిచే సంగతి కాదు. కాదంటే కాదు, అంతే.

మాటలనుకోవడానికి వాళ్ళు ఆదివారం వచ్చారు. ఆవిడ, అమ్మానాన్నా, నాయనమ్మ, ఆ తమ్ముడు, అందరూ ఒక ఆటోలో దిగారు. అమ్మ పెసరట్లు వేసింది. నాకు పచ్చ అంచు చీర కట్టి, స్టీలు గ్లాసుల్లో కాఫీ పోసి పళ్ళెం చేతికిచ్చింది. హాల్లో పెద్దవాళ్ళు ముహూర్తాల దాకా వెళ్ళిపోయారు. నేను పళ్ళెం పట్టుకుని వాళ్ళ మధ్యకి వచ్చాను. ఆవిడ మా అమ్మ పక్కన చాప మీద కూర్చుని నన్నే చూస్తోంది, తలుపు తీసి పట్టుకున్నట్టు, రా రా అన్నట్టు.

నాకు తప్పించుకునే దారి ఒక్కటే కనిపించింది. ఆ దారి ఎక్కడికి పోతుందో తెలిసే అడుగేశాను. పెద్దవాళ్ళకిచ్చి, ఆఖర్న అతని ముందు వంగి పళ్ళెం పెట్టాను.

"తీసుకో అన్నయ్యా" అన్నాను.

అతను గ్లాసు అందుకోబోయి చెయ్యి అలాగే ఉంచేశాడు. అమ్మ మొహంలో రక్తం లేదు. మా వైపు చూసుకోవడానికి వచ్చినవాడిని నలుగురిలో అన్నయ్యా అన్నాక ఇక సంబంధం మాట ఎత్తరు. ఎత్తితే పాపమంటారు. అయినా ఒక సందు ఉంది. వదిన అన్నది అక్కడే కూర్చుంది కదా. మా మరదలు వేళాకోళమాడుతోందండీ అని ఆవిడ నవ్వేస్తే అందరూ నవ్వేసేవాళ్ళు, కాఫీలు తాగేవాళ్ళు, ముహూర్తం పెట్టేసేవాళ్ళు. అందరూ ఆ మాట కోసమే ఆవిడ వైపు తిరిగారు. నేను కూడా తిరిగాను. ఆవిడ చేతిలో ఉంది నా జీవితం.

ఆవిడ చాప అంచున ఊడిన పోగొకటి తెంపింది.

"అవునమ్మా. వాళ్ళమ్మగారి వైపు నుంచి మాకు చెల్లెలే అవుతుంది. మనమే సరిగ్గా చూసుకోలేదు" అంది, వాళ్ళమ్మతో.

నాయనమ్మగారు నిట్టూర్చి, "నోటితో అన్నాక ఇంకేం చేస్తామండీ. అన్నా చెల్లీ అని దీవించడమే" అని మిగిలిన కాఫీ తాగేశారు. ఆవిడ ఆ తరవాత నా వైపు చూడలేదు. నన్ను వదిలేసింది. నేనడిగిందే ఇచ్చింది, ఆ ఇవ్వడంలో మా ఇద్దరి మధ్య ఉన్నది కూడా ఇచ్చేసింది.

వాళ్ళు వెళ్ళాక అమ్మ నన్ను చెయ్యెత్తి కొట్టబోయి మానేసింది. వారం మాట్లాడలేదు. నాన్న ఇంటిపట్టున లేకుండా బయటే తిరిగాడు. అయితే వరస మారితే ఊరుకోదు మా లోకం, అన్నీ మారుస్తుంది. అత్తయ్యగారు పెద్దమ్మ అయింది. మావయ్యగారు పెదనాన్న అయ్యారు. ఆ తమ్ముడు మాత్రం మనసులో ఏమీ పెట్టుకోలేదు. బజారులో కనపడితే, "ఏమ్మా చెల్లీ, బాగున్నావా" అని ఎంతో ఆప్యాయంగా పలకరించేవాడు. ఆ సెలవులోనే రాజోలు వైపు పిల్లతో అతనికి పెళ్ళి కుదిరింది.

ఆ పెళ్ళిలో నేను ఆడపడుచుని. ఆవిడకీ నాకూ ఆడపిల్లవారు ఒకే రకం చీరలు పెట్టారు, మెరూన్ రంగువి. పీటల వెనక ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాము. ఫొటోగ్రాఫరు, "అక్కగారూ, చెల్లిగారూ, కొంచెం దగ్గరికి జరగండి, ఇంకొంచెం" అంటూ మా ఇద్దరి భుజాలూ తగిలేదాకా జరిపించాడు. ఒకే చీరలో, పూలతో, బొట్టుతో, నలుగురి ఎదురుగా మమ్మల్ని ఒక జంటగా నిలబెట్టి తీసిన ఫొటో జీవితం మొత్తంలో అదొక్కటే. అందంగా వచ్చింది. అందుకే ఫోను తెరవగానే కనపడేలా పెట్టుకున్నాను.

ఆవిడ ఇప్పటికీ ల్యాబ్‌కి సీసాలు తెస్తుంది. కేసు తేలింది, విడాకులొచ్చాయి. ఒకసారి వెనక గదిలో చెయ్యి పట్టుకున్నాను. మెల్లిగా విడిపించుకుంది.

"నావల్ల కావట్లేదే. అక్కా అని అందరి ముందూ పిలుస్తున్నావు కదా, అది చెవిలో ఉండిపోయింది. ముట్టుకుంటే తప్పు చేస్తున్నట్టుంది."

"ఇక్కడెవరూ లేరు కదా."

"నేనున్నాను కదా" అంది.

కోపం వచ్చింది నాకు. ఒక పిలుపేగా, గాలేగా అని అరవాలనిపించింది. కానీ నేనూ అక్కడ పుట్టినదాన్నే. నా చెయ్యి కూడా ముందులా వెళ్ళడం లేదని నాకు తెలుసు.

పోయిన నెలలో విశాఖపట్నం వెళ్ళాను. రొయ్యల వాళ్ళకి శిక్షణ ఉందని ఇంట్లో చెప్పి, రావులపాలెంలో బస్సు మారి వెళ్ళాను. అక్కడ మాలాంటి ఆడవాళ్ళు కొందరు అప్పుడప్పుడూ ఒకరింట్లో కలుస్తారు. ఫోన్‌లో వాళ్ళ మాటలు చాలాసార్లు విన్నాను, నా మైకు ఎప్పుడూ తెరవలేదు. ఆ రోజు మేడ మీద గదిలో గుండ్రంగా కూర్చున్నాము. ఒక్కొక్కరూ తమని తాము ఏమని చెప్పుకుంటారో చెబుతున్నారు. ఒకమ్మాయి క్వీర్ అంది. ఇంకో అమ్మాయి, ఆడా మగా ఇద్దరూ ఇష్టమేనంటూ, బై అంది. నెరిసిన జుట్టావిడ ఒకరు, "నాకే పేరూ వద్దండీ, మీతో కూర్చోనిస్తే చాలు" అన్నారు. అందరూ అలాగేనన్నారు. నా వంతు వచ్చింది.

"లెస్బియన్నండీ" అన్నాను.

ఆ అండీకి అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎవరూ భయపడలేదు, ఎవరూ లేచి వెళ్ళిపోలేదు, ఎవరి కేసూ చెడిపోలేదు. ఇంత తేలికా అనుకున్నాను. టీ తాగాము. బస్సు టైము చూద్దామని ఫోను తీశాను. పక్కన కూర్చున్న అమ్మాయి తొంగిచూసి, తెర మీద ఉన్న ఆ పెళ్ళి ఫొటో మీద వేలు పెట్టి ఎంతో ప్రేమగా అడిగింది.

"ఎంత బాగున్నారండీ ఇద్దరూ. ఈవిడెవరండీ?"

ఆ గదిలో నేను ఏమన్నా చెప్పొచ్చు. దానికోసమే అంత దూరం వెళ్ళాను. ఆ అమ్మాయి నవ్వుతూ చూస్తోంది.

"మా అక్కండీ" అన్నాను.

అన్నాక గానీ తెలియలేదు. సర్దుకునేలోపే ఆ అమ్మాయి ఫొటోని దగ్గరికి తీసుకుని మా ఇద్దరి మొహాలూ పరీక్షగా చూసింది.

"అవునండీ, పోలికలు తెలుస్తున్నాయి" అంది.

"ఆయ్. అందరూ అదే అంటారండీ" అన్నాను.